సిగ్నల్ పిట్ట

షార్జా రోలాల, పాత ఫోన్ల సందుల
నూట ఇరవై దిర్హాములు చెప్పిండు.
వెనుక అద్దం పగిలి, టేపు ఏసి ఉన్నది.
"జపాన్ మాల్" అన్నడు జర్వలీ ఖాన్,
పాత మోటరు బండ్ల తీర్గనే ఓడల దిగిందట.
ఫోటో తీస్తే టప్పున మొత్తుకుంటది,
ఎంత నొక్కినా నోరు మూతపడదు.
"అక్కడి కట్టుబాటు అది" అని
పది దిర్హాములు తగ్గించిండు.

లోపల ఎవరో నాలుగు చప్పుళ్ళు మరిచిపోయిండ్రు.
పేర్లు చదువరాదు,
సెంట్రింగు కొట్టిన తీరు అక్షరాలు.
ఒకటి కోయిల.
ఇంకోటి కోడిపిల్ల లెక్క, పియ్యో పియ్యో.
మూడోది కంగ్ కంగ్ కంగ్, ఆగని గంట.
నాలుగోది ఒక ముసలాయన కేక,
సాగి సాగి చివర్ల ఒరిగిపోతది.

మా మెస్సుల వండే రొడెలియో
నగోయల ఐదేండ్లు చేసొచ్చినోడు.
"పిట్టలు కావు భాయ్, సిగ్నళ్ళు.
కండ్లు లేనోళ్ళు విని రోడ్డు దాటుతరు.
ఒక దిక్కుకు కోయిల, అడ్డదిక్కుకు పిల్ల.
గంటేమో రైలు గేటుది.
ఆ ముసలాయన..." గరిటె ఆపి నవ్విండు.
"కాల్చిన గెనుసుగడ్డలు అమ్ముతుండు.
చలికాలం, రాత్రి, చిన్న బండి మీద."

సజ్జాల, ఏసీ మొరాయించిన రూముల
ఎనిమిది మందిమి
కొద్దిసేపు ఏమీ మాట్లాడలె.

ఫోర్‌మెన్‌కు రైలు గేటు పెట్టిన.
కంగుమంటే చాలు, ముత్తిలింగం చెప్పులు వెతుక్కునేటోడు.
వీసా పైసల కోసం ఎగబడే ఏజెంటు నర్సాగౌడ్‌కు
కోడిపిల్ల.
ఎంత బెదిరించెటందుకైనా
పియ్యో పియ్యో అనుకుంటనే రావాలె.
ముసలాయనను ఎవరికీ ఇయ్యలె.
సుగుణకు కోయిల.

శుక్రవారం క్యాంపు ముందటి రోడ్డు దాటాలె,
ఉల్లిగడ్డలకు, పైసలు పంపే కౌంటరుకు.
ఆరు వరుసల రోడ్డు.
తెల్ల గీతలు లేవు, ఎర్ర దీపం లేదు.
నడిచే మనుషులు గూడ ఉంటరని
నక్ష గీసినాయనకు తట్టలేదు.
నలుగురం అంచున నిలబడ్డం,
లారీకి లారీకి నడుమ సందు కోసం.

జేబుల కోయిల కూసింది.

ముత్తిలింగం అడుగు ఏసిండు.
తమాషాకో, అలవాటుకో,
ఇప్పటికీ చెప్పడు.
నా చేతికి అంగీ కాలరు దొరికింది.
నీళ్ళ ట్యాంకరు పోయింది,
దాని గాలి, దాని ఇసుక
మా పండ్ల నడుమకొచ్చినయి.
కోయిల ఇంకా కూస్తనే ఉన్నది.

ఎత్తిన.
"ఏం జేస్తున్నవ్?"
"రోడ్డు దాటుతున్న."
"చూసి దాటు" అన్నది సుగుణ,
అని, గ్యాసు అయిపోయిన సంగతి చెప్పింది,
చిన్నదానికి లెక్కల పరీక్షట, రేపే.

పిలిచేటోళ్ళకు తెల్వదు
ఈ దిక్కున తామేమై మోగుతున్నరో.
వాళ్ళకు వినవడేది ఒత్తి ట్రింగు ట్రింగు.
రెండేండ్ల సంది ఆమె
తను చూడని ఊరి నాలుగు బాటల కాడ
ఎవరికో చెప్తనే ఉన్నది,
బండ్లు ఆగినయి, ఇగ నడువు అని.
నాకే చెప్తున్నదనుకున్న.

ఆ రాత్రి మార్చిన.
కోయిలను తుడిచెయ్యలె,
ఎవరికీ పెట్టలె.
రోడ్డు మీద గీతలు పడ్డనాడు చూస్త.

ఇప్పుడు సుగుణ పిలిస్తే
చలికాలపు రాత్రి ఒకటి
చక్రాల మీద మెల్లగ రూములకొస్తది.
పై మంచంల బిచ్చప్ప
కండ్లు తెరువకనే అడుగుతడు:
"ఎట్ల కిలో?"